20 వేలు, ఏడు కోరికలు: ఇంట్లోకి ఏది రావాలి?

ఉగాదికి ముందు మా వారికి బోనస్ వచ్చింది. స్కూలు ఫీజు, చీటీ, ఇంటి అద్దె కట్టేశాక 20 వేలు మిగిలాయి. ఇన్నేళ్లలో ఏ ఖర్చుకీ ముడిపెట్టకుండా అంత డబ్బు మా చేతిలో ఉండటం అదే మొదటిసారి. ఈసారి మనసుపడిన వస్తువు ఏదైనా కొనుక్కుందామని అనుకున్నాం. అనుకున్న గంటకే మా చిన్నోడు నోటు పుస్తకం చివరి పేజీలో లిస్టు రాసేశాడు. రోబో వాక్యూమ్, ప్రొజెక్టర్, స్మార్ట్ వాచ్, శబ్దం తగ్గించే ఇయర్‌బడ్స్, ఎయిర్ ఫ్రయర్, పుస్తకాలు చదివే ఈ-రీడర్, మాట్లాడే స్పీకర్. ఏడు. చివర్లో డ్రోన్ కూడా రాసి, నా మొహం చూసి కొట్టేశాడు.

మా అత్తమ్మ ఆ పేజీ చదివించుకుని ఒకే మాట అడిగింది. "ఇది ఇంట్లోకొస్తే ఎవురికి సుఖం నాయనా?"

నెల రోజులు మేం ఆ ప్రశ్న పట్టుకునే తిరిగాం. షాపుల్లో చూశాం, తెలిసినవాళ్ల ఇళ్లలో వాడి చూశాం, ఒకదాన్ని అరువు తెచ్చుకుని వారం రోజులు ఇంట్లో పెట్టుకున్నాం. ఇవేవీ లేకపోతే ఇల్లు గడవని వస్తువులు కావు. అయినా కొనాలనిపిస్తుంది, అందులో తప్పేమీ లేదు. ఏడింట్లో ఏది ఎవరికి పనికొస్తుంది, దాని బదులు తక్కువలో ఏం దొరుకుతుంది అన్నది మాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. మాది తిరుపతి కొర్లగుంటలో పాత ఇల్లు. రెండు గదులు, హాలు, వంటిల్లు, పైన మిద్దె. నలుగురం ఉంటాం. ధరలు మేం చూసిన రోజువి, అటూ ఇటూ మారతాయి.

రోబో వాక్యూమ్, గడప

ముందు దీని గురించే చెప్పాలి. అందరికంటే ఎక్కువ ఆశపడింది నేనే. పొద్దున ఐదింటికి లేచి ఊడ్చి, తుడిచి, వంట చేసి, తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉండాలి. నేను బయటికి వెళ్లాక ఇల్లు దానంతటదే శుభ్రమవుతుందంటే ఎవరికి ఆశ పుట్టదు?

మా తమ్ముడు రేణిగుంట రోడ్డులో కొత్త ఫ్లాట్ తీసుకున్నాడు. వాళ్లింట్లో 22 వేల రోబో ఉంది. వాళ్లు ఊరెళ్తూ వారం రోజులకి దాన్ని మాకిచ్చారు. హాల్లో వదిలితే మొదట గోడల వెంట తిరిగి, తర్వాత అటునుంచి ఇటు వరసలు పెట్టి చక్కగా ఊడ్చింది. మంచం కింద, నా చెయ్యి ఎప్పుడూ అందని మూలలోంచి కూడా దుమ్ము లాగింది. చిన్నోడు దాని వెనకాలే నడిచాడు. వంటింటి గడప దాకా వచ్చి ఆగింది. కొంచెం వెనక్కి జరిగి, కాస్త పక్కకి తిరిగి, మళ్లీ వచ్చి గడపని తాకింది. మూడుసార్లు అలా చేసి హాల్లోకి వెళ్లిపోయింది. స్కేలు పెట్టి కొలిచాను. మా గడప ఎత్తు 5 సెంటీమీటర్లు. ఈ మెషీన్లు మామూలుగా దాటగలిగేది 2 సెంటీమీటర్లు. మా పాత ఇంట్లో ప్రతి గదికీ గడప ఉంది. అంటే ప్రతి గదికీ ఒకరు దాన్ని ఎత్తి దించాలి. నేను ఆఫీసులో ఉంటే ఆ ఎత్తేది డెబ్బై ఏళ్ల అత్తమ్మ.

శుక్రవారం ఇంకోటి జరిగింది. పూజ గది ముందు అత్తమ్మ బియ్యప్పిండితో ముగ్గేసింది. నేను యాప్‌లో ఆ చోటు వదిలేయమని గీత గీయడం మర్చిపోయాను. రోబో ముగ్గు మీదుగా వెళ్లి సగం పిండి లాగి, మిగతా సగాన్ని పక్క బ్రష్‌తో హాలంతా చల్లింది. దాని వెనక తడిగుడ్డ కూడా ఉండటంతో ఆ పిండి తడిసి నేల మీద తెల్లటి చారలుగా అంటుకుంది. అత్తమ్మ ఏమీ అనలేదు. కొంగు బిగించి కూర్చుని ఆ చారలు తనే తుడిచింది. నాకు చాలా బాధేసింది.

తుడిచే రోబోల గురించి ఇంకో మాట. మనం గుడ్డ తడిపి, తుడిచి, బకెట్‌లో జాడించి, పిండి, మళ్లీ తుడుస్తాం. ధర తక్కువ ఉన్న రోబో అదే గుడ్డని ఇల్లంతా ఈడుస్తుంది. గుడ్డని తనే కడుక్కునేవి ఉన్నాయి, వాటి ధర మా 20 వేలకి చాలా దూరం. పైగా ఇంట్లో పొడుగు జుట్టు ఉన్నవాళ్లుంటే రెండు మూడు రోజులకోసారి బ్రష్ ఊడదీసి చిక్కుకున్న వెంట్రుకలు కత్తెరతో కత్తిరించాలి.

మా తమ్ముడింట్లో మాత్రం అదే మెషీన్ బంగారంలా పనిచేస్తోంది. వాళ్ల ఫ్లాట్‌లో సింహద్వారానికి తప్ప ఎక్కడా గడప లేదు. సామాను తక్కువ. ఇద్దరూ పగలంతా బయటే. మీ ఇల్లు అలాంటిదైతే నిశ్చింతగా తీసుకోండి. కానీ లేజర్‌తో గది కొలతలు తీసుకునే లైడార్ రకమే తీసుకోండి. 10, 12 వేలకి దొరికే మామూలు రకాల్లో చాలావాటికి దారి సరిగా గుర్తుండదు, ఊడ్చిన చోటే ఊడుస్తూ చార్జింగ్ అయిపోయి నిలబడిపోతాయి. బ్రష్‌లు, ఫిల్టర్లు విడిగా దొరుకుతాయా, రిపేరొస్తే తిరుపతిలోనే చూస్తారా లేక చెన్నైకో బెంగళూరుకో పంపాలా అన్నది కొనేముందే అడగండి.

మాకు దాని బదులు దొరికింది బకెట్‌తో వచ్చే తిప్పే మాప్. 1,300 రూపాయలు. నిలబడి తుడవచ్చు, వంగక్కర్లేదు, బకెట్ గిర్రున తిప్పితే గుడ్డ పిండినట్టవుతుంది. అత్తమ్మ నడుం నొప్పి గురించి ఆలోచిస్తే ఇది ఐదేళ్ల ముందే కొనుండాల్సింది.

వాచీ, అత్తమ్మ చెయ్యి

స్మార్ట్ వాచ్ దగ్గర నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. పక్కింటి అమ్మాయి 1,800 పెట్టి కొన్న వాచీ తెచ్చి అత్తమ్మ చేతికి పెట్టింది. "అత్తా, దీంట్లో బీపీ, షుగర్ రెండూ తెలుస్తాయి, ఇంక సూది గుచ్చుకోబన్లేదు" అంది. అత్తమ్మ మొహం వెలిగిపోయింది. పదేళ్లుగా వేలు గుచ్చుకుంటున్న మనిషి, ఆశ ఉండదా?

ఈ మాట నమ్మకండి. చర్మం గుచ్చకుండా షుగర్ కొలుస్తామని చెప్పే వాచీలు, ఉంగరాలు వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలా తమంతట తాము షుగర్ కొలిచే వాచీని గానీ ఉంగరాన్ని గానీ తాము ఒక్కటి కూడా ఆమోదించలేదని చెప్పింది. తప్పు అంకె చూసి మందు ఎక్కువ వేసుకుంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. వాచీ వెనక వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్తం కదలికని చూసి నాడి లెక్కపెడుతుంది. ఆ పని చాలావరకు బాగానే చేస్తుంది. రక్తంలో చక్కెర ఎంతుందో ఆ లైటుకి తెలియదు.

బీపీదీ ఇంచుమించు అంతే. శాంసంగ్ వాచీల్లో బీపీ చూసే సౌకర్యం ఉన్న మోడళ్లకి కూడా నాలుగు వారాలకోసారి చేతికి పట్టీ కట్టి చూసే మామూలు బీపీ మిషన్‌తో సరిచూసుకోవాలి. ఎలాగూ పట్టీ మిషన్ కావాల్సిందే అయినప్పుడు నేరుగా అదే కొనుక్కుంటే సరిపోతుంది కదా.

అందుకే అత్తమ్మకి మోచేతికి పైన పట్టీ కట్టే బీపీ మిషన్ 2,100కి, షుగర్ చూసే గ్లూకోమీటర్ స్ట్రిప్పులతో కలిపి 1,100కి తీసుకున్నాం. మణికట్టుకి పెట్టుకునే బీపీ మిషన్లు కూడా ఉన్నాయి గానీ చెయ్యి పెట్టే తీరు కాస్త మారినా అంకె మారిపోతుంది, చేతిపైభాగానికి కట్టేదే మేలు. పట్టీ సైజు కూడా చూసుకోవాలి. సన్నటి చేతికి పెద్ద పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, లావు చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపిస్తుంది. కాఫీ తాగి అరగంట అయ్యాక, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూడాలి. ఇప్పుడు రోజూ పొద్దున చిన్నోడు చూసి క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాస్తాడు. డాక్టర్ దగ్గరికి ఆ క్యాలెండరే తీసుకెళ్తాం.

మరి వాచీ ఎవరికీ అక్కర్లేదా? నాకు కావాలి. నెలకోసారి అలిపిరి మెట్ల దారిలో కొండెక్కుతాను. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల నడక. అడుగులు ఫోన్ కూడా లెక్కపెడుతుంది, మా వారి జేబులో ఫోన్ ఉంటే ఆయనకి వాచీతో పనే లేదు. చీర కట్టుకున్న ఆడవాళ్లకి జేబు ఏది? ఫోన్ సంచిలో ఉంటుంది, సంచి ఒకసారి నా భుజానికి, ఒకసారి చిన్నోడి భుజానికి. గాలి గోపురం ఎక్కేదాకా దారి బాగా నిటారుగా ఉంటుంది. అక్కడ నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూసుకుని, బాగా పెరిగితే మెట్టు మీద కూర్చుని, తగ్గాక లేస్తున్నాను. ఇంతకుముందు ఊపిరి అందనిదాకా ఎక్కేసేదాన్ని. ఈ పనికి 2,500 రూపాయల ఫిట్‌నెస్ బ్యాండ్ చాలు. పది రోజులు చార్జింగ్ ఉంటుంది. ఫోన్ మాట్లాడగలిగే ఖరీదైన వాచీల్లో చాలావాటికి ఒకటి రెండు రోజులకే చార్జింగ్ పెట్టాలి, పెట్టడం మర్చిపోయిన రోజు చేతికి వట్టి బరువు. కొండ మీద దర్శనం క్యూలోకి ఫోన్‌తో పాటు ఎలక్ట్రానిక్ వస్తువులేవీ తీసుకుపోకూడదు కాబట్టి ముందే తీసి ఫోన్‌తో కలిపి డిపాజిట్ చేసేయండి. 40 వేల వాచీ అక్కడ ఇచ్చి క్యూలో నిలబడితే మనసు దేవుడి మీద ఉండదు.

బస్సులో ఇయర్‌బడ్స్

మా వారి పని చిత్తూరులో. తిరుపతి నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. పోనూ రానూ రోజుకి నాలుగు గంటలకి దగ్గరగా బస్సులోనే. ఈ లిస్టులో ఆయన తన కోసం అడిగింది ఇదొక్కటే.

శబ్దం తగ్గించే ఇయర్‌బడ్స్ బయట చిన్న మైకులతో చుట్టూ ఉన్న మోత వింటాయి. దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉండే ఇంకో శబ్దాన్ని లోపల పుట్టిస్తాయి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకే తీరుగా సాగే శబ్దానికి ఇది బాగా పనిచేస్తుంది. బస్సు ఇంజిన్, రైలు చప్పుడు, ఏసీ హోరు అలాంటివి. హారన్, పసిపిల్లల ఏడుపు, వెనక సీట్లో ఫోన్ మాటలు ఉన్నట్టుండి వస్తాయి, హెచ్చుస్థాయిలో ఉంటాయి. అవి కొంతవరకే తగ్గుతాయి. షాపులో పెట్టుకుని చూస్తే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. మా వారు మూడు రకాలు స్నేహితుల దగ్గర తీసుకుని ఒక్కోటి ఒక్కో రోజు బస్సులో పెట్టుకుని చూశారు. 1,500ది పెట్టుకున్నా ఇంజిన్ మోత ఉన్నట్టే ఉంది, పాట గట్టిగా పెట్టుకోవాల్సి వచ్చింది. 4,500ది పెట్టుకున్న రోజు చంద్రగిరి దాటేలోపే నిద్రపట్టిందట. 18 వేలది ఇంకా బాగుంది, కానీ నాలుగింతల డబ్బుకి నాలుగింతల తేడా తెలియలేదన్నారు.

ఇవి కొనేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. లోపలి బ్యాటరీ చాలా చిన్నది, రోజూ వాడితే రెండు మూడేళ్లకి నీరసిస్తుంది, చాలావాటికి మార్చడం కుదరదు. కాబట్టి ఇది మూడేళ్ల ఖర్చు అనుకునే కొనండి. ఇంట్లో కూర్చుని వినేవాళ్లకి, ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లలకి 500 రూపాయల వైరు ఇయర్‌ఫోన్ చాలు. దానికి చార్జింగే అక్కర్లేదు, మైకు కూడా మాట స్పష్టంగా పట్టుకుంటుంది. ఫోన్‌కి గుండ్రటి రంధ్రం లేకపోతే టైప్-సి వైరుది దొరుకుతుంది. బండి నడిపేటప్పుడు మాత్రం ఏదీ వద్దు.

ప్రొజెక్టర్

చిన్నోడి ప్రాణమంతా దీని మీదే. ఎండాకాలం రాత్రి మిద్దె మీద గోడకి తెల్ల దుప్పటి కట్టి క్రికెట్ మ్యాచ్ చూడాలని వాడి కోరిక. వాడి కోరిక మంచిదే. పక్క వీధిలో వాడి స్నేహితుడింట్లో 9 వేల ప్రొజెక్టర్ ఉంది, మేమంతా ఒక ఆదివారం వెళ్లాం. మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్‌కి హాల్లో వేశారు. కర్టెన్లు వేసినా కిటికీ సందుల్లోంచి వచ్చే వెలుతురుకి తెర మీద ఆటగాళ్లు నీడల్లా కనిపించారు, బంతి కనపడనే లేదు. రాత్రి ఏడున్నర మ్యాచ్‌కి మిద్దె మీదకి మార్చారు. అప్పుడు చూడాలి! పది అడుగుల బొమ్మ, చల్లగాలి, చాపలు, పల్లీలు, వీధిలోని పిల్లలందరూ. స్కోరు అంకెలు అంచుల్లో కాస్త మసగ్గా ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదు.

తక్కువ ధర ప్రొజెక్టర్ల డబ్బా మీద '4కె సపోర్ట్' అని పెద్దగా ఉంటుంది. దానర్థం 4కె వీడియో ఇస్తే తీసుకుంటుందని మాత్రమే. బొమ్మ ఎంత స్పష్టంగా పడుతుందో తెలియాలంటే 'నేటివ్ రిజల్యూషన్' అన్న చోట చూడాలి. చాలావాటికి అక్కడ 720పి అనే ఉంటుంది. వెలుతురు సంగతీ ఇంతే. దాన్ని ల్యూమెన్లలో కొలుస్తారు. వేలకి వేలు ల్యూమెన్లు అని రాసేవి నమ్మొద్దు, ప్రామాణిక పద్ధతిలో కొలిచిన 'ఆన్సీ ల్యూమెన్లు' ఎన్ని అని అడగండి. 200 నుంచి 400 ఉంటే బాగా చీకటిగా ఉన్న చోట మాత్రమే పనికొస్తుంది. పగలు కూడా హాల్లో చూడాలంటే కొన్ని వేలు ఉండాలి, ఆ రకం ధర వేరే.

టీవీతో పోలిస్తే నా సలహా సూటిగా చెప్తాను. ఇంట్లో టీవీ లేకపోతే, లేదా పాతది పోతే, 43 అంగుళాల టీవీయే కొనండి. దాదాపు ప్రొజెక్టర్ ధరకి ఇంకో పది వేలు కలిపితే వస్తుంది, పగలూ రాత్రీ కనిపిస్తుంది, అత్తమ్మ రిమోట్ నొక్కి భక్తి ఛానల్ పెట్టుకోగలదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కూడా. టీవీ బాగానే ఉండి, ఏడాదికి నాలుగైదు రాత్రులు మిద్దె మీద సరదా కావాలంటే ప్రొజెక్టర్‌ని ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకోండి. ఫంక్షన్లకి సౌండ్ సిస్టమ్ పెట్టేవాళ్లని అడిగితే దొరుకుతుంది. స్పీకర్ కూడా వాళ్లదే.

మిగతావి

ఎయిర్ ఫ్రయర్ అంటే వేడిగాలి ఫ్యాన్ ఉన్న చిన్న ఓవెన్. చికెన్ ముక్కలు, చేప, బంగాళాదుంప ముక్కలు, పల్లీలు బాగా వేగుతాయి, నూనె చాలా తక్కువ. మన బజ్జీ మాత్రం అవదు. మిరపకాయని శనగపిండి జారులో ముంచి అందులో పెడితే, కాగిన నూనెలో వెంటనే గట్టిపడాల్సిన పిండి గట్టిపడేలోపే బుట్ట రంధ్రాల్లోంచి కిందికి కారిపోతుంది. గారె, బోండా, పుణుగు అన్నీ అంతే. మీ ఇంట్లో వారానికి రెండుసార్లు మాంసం వేపుడు చేస్తే, నూనె తగ్గించమని డాక్టర్ చెప్పుంటే కొనండి. సాయంత్రం బజ్జీల కోసమైతే వద్దు. ఇంకో జాగ్రత్త ఉంది. 1,500 వాట్ల మెషీన్ దాదాపు 6.5 ఆంపియర్లు లాగుతుంది, మామూలు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. గ్రైండర్ పక్కనున్న చిన్న ప్లగ్గులో గానీ ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో గానీ పెట్టకండి, గీజరుకి వాడే పెద్ద ప్లగ్గు ఉండాలి.

ఈ-రీడర్ నాకు చాలా ఇష్టమైన వస్తువు. దాని తెర కాగితంలా ఉంటుంది, కళ్లు లాగవు, చార్జింగ్ వారాల తరబడి వస్తుంది. ఇంగ్లీష్ నవలలు చదివేవాళ్లకి నేను ధైర్యంగా చెప్తాను, తీసుకోండి. తెలుగు చదివేవాళ్లం మాత్రం ఆలోచించుకోవాలి. 2016 డిసెంబర్‌లో అమెజాన్ తన ఈ-రీడర్ కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. ఇంతమంది చదివే భాషకి చోటు దక్కలేదని ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది. పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు ఎక్కించుకోవచ్చు గానీ ఆరంగుళాల తెర మీద వత్తులు, దీర్ఘాలు కళ్లు చిట్లించుకుంటే తప్ప కనపడవు. పెద్దది చేస్తే ప్రతి లైనుకీ పేజీ పక్కకి జరపాలి. తెలుగు పీడీఎఫ్‌ల కోసమే అయితే పదంగుళాల ట్యాబ్ మేలు, లేదా ఆ డబ్బుతో పుస్తకాలే కొనుక్కోవడం మేలు. నేను పుస్తకాల వైపే మొగ్గాను.

మాట్లాడే స్పీకర్ త్వరగా తేలిపోయింది. అలెక్సాతో ఇంగ్లీష్‌లోనో హిందీలోనో మాట్లాడాలి. ఇంట్లో ఎక్కువసేపు ఉండేది అత్తమ్మ, ఆమె మాట్లాడేది మా చిత్తూరు తెలుగు. "అన్నమయ్య పాటలు పెట్టు" అని ఆమె చెప్తే దానికి అర్థమయ్యే రోజు వచ్చినప్పుడు చూద్దాం. అంతవరకు పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న స్పీకర్‌లో కీర్తనలన్నీ ఎక్కించి ఇచ్చాం. బటన్ ఒక్కటే.

డ్రోన్ గురించి చిన్నోడు కొట్టేసినా రెండు మాటలు చెప్తాను, మన ఊళ్లో ఇది ముఖ్యం. తిరుమల కొండ మీద డ్రోన్ ఎగరేయడం నిషేధం, ఎగరేసినవాళ్ల మీద కేసులు పెట్టారు. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి సరదాగా ఎగరేసుకోవడానికి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు గానీ ఎక్కడ పడితే అక్కడ ఎగరేయొచ్చని కాదు. రేణిగుంట విమానాశ్రయం చుట్టూ కూడా హద్దులున్నాయి. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూశాకే పైకి లేపాలి.

డబ్బు కట్టే దగ్గర

నాలుగేళ్ల కిందట ఒక పెద్ద షాపులో మిక్సీ వడ్డీ లేని ఈఎంఐలో తీసుకున్నాను. మూడో నెల స్టేట్‌మెంట్ చూస్తే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ అని కలిపి దాదాపు 400 ఎక్కువ పడింది. రొక్కంగా కట్టుంటే ఇచ్చే తగ్గింపు కూడా పోయింది. సున్నా వడ్డీ అనేది నిజానికి ఉండదని, ఆ ఖర్చు వేరే రూపంలో కొనేవాళ్ల మీదే పడుతుందని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకి రాసింది. అవసరమైన ఫ్రిజ్‌కి ఈఎంఐ సరే. మనసుపడిన వస్తువుని మాత్రం చేతిలో ఉన్న డబ్బుతోనే కొనండి. నెలనెలా కట్టాల్సిన టెన్షన్ ఉంటే ఆ వస్తువు మీద ముచ్చట మిగలదు.

అలాగే కొత్త ఫోన్ కావాలనిపిస్తే ముందు పాత ఫోన్ బ్యాటరీ మార్పించి చూడండి. లిథియం బ్యాటరీ సుమారు 500 సార్లు నిండా చార్జింగ్ అయ్యేసరికి ఐదో వంతు బలం కోల్పోతుంది. నా ఫోన్ మూడేళ్లది, సాయంత్రం నాలుగింటికే ఆగిపోయేది. 1,800 పెట్టి బ్యాటరీ వేయించాను, ఇప్పుడు రాత్రిదాకా వస్తోంది. పవర్ బ్యాంక్ కొనేటప్పుడు డబ్బా మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, దాని కింద 'ఆర్'తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా వోల్టేజీ మార్పులో కొంత పోయి ఫోన్‌కి చేరేది 6,000 చుట్టూనే. అది మోసం కాదు, దాని తీరే అంత.

మా లెక్క

బీపీ మిషన్ 2,100. గ్లూకోమీటర్, స్ట్రిప్పులు 1,100. మాప్ 1,300. ఫోన్ బ్యాటరీ 1,800. కరెంటు పోయినా ఇంటర్నెట్ ఆగకుండా రూటర్‌కి చిన్న యూపీఎస్ 1,400, ఇది చిన్నోడి పరీక్షల కోసం. అక్కడికి 7,700. ఆ తర్వాత కోరికలు రెండు తీర్చుకున్నాం. మా వారికి 4,500 ఇయర్‌బడ్స్, నాకు 2,500 బ్యాండ్. మొత్తం 14,700.

అత్తమ్మ అడిగిన ప్రశ్నకి ఈ రెండింటికీ జవాబుంది. ఆయన సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలనొప్పి అనడం తగ్గింది. నేను పోయిన నెల కొండ మీదికి ఇదివరకటికంటే ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాను గానీ మర్నాడు కాళ్లు పట్టేయలేదు.

మిగిలిన 5,300లో చిన్నోడి వాటా వాడికుంది. మే నెలలో వాడి పుట్టినరోజు రాత్రికి ప్రొజెక్టర్ అద్దెకు చెప్పి అడ్వాన్స్ ఇచ్చేశాం. దుప్పటి ఎక్కడ కట్టాలో చూసుకోవడానికి వాడు ఇప్పటికే రెండుసార్లు మిద్దె ఎక్కాడు. ఉత్తరం వైపు గోడ మీద వీధి దీపం వెలుగు పడుతోందట, దక్షిణం వైపుకి మార్చాడు.